పక్కకు తోసే యంత్రం.. మన కొలువును ఎటు తోస్తోంది?

పార్శిళ్లు వేరుచేసే కేంద్రాల్లో చేతిపని తగ్గుతోంది. ఆ చోట కొత్తగా పుడుతున్న పని వేరే రకం. అదేంటి? ఎవరికి దక్కుతుంది? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

మీది కరీంనగర్. రాత్రి పదింటికి ఫోన్‌లో ఓ షర్టు బుక్ చేశారనుకోండి. మర్నాటికి ఆ ప్యాకెట్ హైదరాబాద్ శివార్లలోని ఒక సార్టింగ్ కేంద్రంలో కన్వేయర్ బెల్టు మీద పరుగెడుతూ ఉంటుంది. బెల్టు వేగం సెకనుకు రెండు మీటర్లు అనుకుందాం. పైనున్న స్కానర్ బార్‌కోడ్ చదువుతుంది. అక్కడికి పన్నెండు మీటర్ల దూరంలో కరీంనగర్ దారి. అంటే ఆరు సెకన్ల ప్రయాణం. ఆరో సెకనులో బెల్టు పక్కనున్న లోహపు చేయి టక్కున బయటికొచ్చి ప్యాకెట్‌ను పక్కకు తోస్తుంది. జారుడు బల్లలాంటి చూట్ మీదుగా అది కరీంనగర్ సంచిలో పడుతుంది.

కొన్నేళ్ల కిందటి వరకు ఆ తోసే చేయి మన ఊరి కుర్రాడిదే. ఇంటర్ అయ్యాకో, డిగ్రీ మధ్యలోనో నగరానికొచ్చి, నైట్ షిఫ్టులో పార్శిల్ మీద పిన్‌కోడ్ చూసి సరైన సంచిలో వేసేవాడు. చిన్న కేంద్రాల్లో ఇప్పటికీ అదే పద్ధతి. పెద్ద కేంద్రాల్లో మాత్రం ఆ పని ఒక్కొక్కటిగా యంత్రాల చేతికి వెళ్తోంది. మరి ఆ కుర్రాడి సంగతేంటి? రేపు అదే గేటు దగ్గర రెజ్యుమె పట్టుకుని నిలబడే మీ సంగతేంటి?

సూటిగా చెప్పుకోవాలంటే.. తోసే పని యంత్రానిదైపోతోంది. యంత్రం తోయలేకపోయినప్పుడు ఏం చేయాలో తెలిసినవాళ్లకు గిరాకీ పెరుగుతోంది. కానీ పోతున్న పనులు ఎక్కువ, వస్తున్న పనులు తక్కువ. అందుకే ఈ మార్పును ముందుగా అర్థం చేసుకున్నవాళ్లకే అవకాశం.

ఆలోచన పాతదే

ఉత్తరాలను, పార్శిళ్లను ఊళ్లవారీగా వేరుచేయడం కొత్త పనేం కాదు. రైల్వే మెయిల్ సర్వీసు సిబ్బంది గూళ్లున్న చెక్క అల్మరాల ముందు నిలబడి ఒక్కో ఉత్తరాన్నీ ఒక్కో గూట్లోకి వేసేవారు. ఏ ఊరు ఏ దారిలో వస్తుందో వాళ్లకు నోటికి వచ్చుండేది. ఆ జ్ఞాపకశక్తి మీద భారం తగ్గించడానికి 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరంకెల పిన్‌కోడ్ తెచ్చింది. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. మొదటి మూడంకెలు కలిపితే సార్టింగ్ జిల్లా. 505 అనగానే కరీంనగర్ వైపు అని తెలిసిపోతుంది. చివరి మూడంకెలు పోస్టాఫీసును సూచిస్తాయి.

గమనించారా? అంకెలు చూసి దారి నిర్ణయించడం అనే తర్కం అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని చదివే కన్ను, తోసే చేయి యంత్రాలవడమే మిగిలింది. కన్ను స్కానర్ అయింది. చేయి డైవర్టర్ అయింది. పార్శిల్‌ను ప్రధాన దారి నుంచి పక్కదారికి మళ్లించే పరికరాన్నే డైవర్టర్ అంటారు. ఇలాంటివి వరుసగా ఉండి, ఏ పార్శిల్ ఎటు వెళ్లాలో చూసుకునే మొత్తం వ్యవస్థ పేరు సార్టర్.

ఎన్ని రకాల చేతులు?

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ పేర్లు తెలిసి ఉండటం మంచిది. పేర్లతో పాటు ఏది ఎక్కడ పనికొస్తుందో కూడా తెలియాలి.

పుషర్: అన్నిటికంటే సులువైనది. గాలి ఒత్తిడితో పనిచేసే సిలిండర్ ఒక పలకను ముందుకు నెడుతుంది. గట్టి అట్టపెట్టెలకు బాగుంటుంది. పగిలే వస్తువులకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

స్వింగ్ ఆర్మ్: బెల్టుకు అడ్డంగా గేటులా తిరిగే చేయి. పార్శిల్ దానికి ఆనుకుని పక్కకు జారిపోతుంది. పెద్ద వేగాలకు పనికిరాదు.

పాప్-అప్ వీల్: రోలర్ల మధ్య దాగి ఉండే చిన్న చక్రాలు అవసరమైనప్పుడు పైకి లేచి పార్శిల్‌ను ఏటవాలుగా పక్కకు నడిపిస్తాయి. పార్శిల్ అడుగు చదునుగా ఉంటేనే చక్రాలకు పట్టు దొరుకుతుంది.

స్లైడింగ్ షూ: ఇక్కడ బెల్టు ఉండదు. పక్కపక్కన పేర్చిన పలకలు కదులుతుంటాయి. ఒక్కో పలక మీద అటూఇటూ జరిగే చిన్న దిమ్మె ఉంటుంది. దాన్నే షూ అంటారు. పార్శిల్ పొడవును బట్టి కొన్ని షూలు కలిసి దాన్ని మెల్లగా ఏటవాలుగా నెడతాయి. వేగమూ ఎక్కువే, దెబ్బా తక్కువే.

క్రాస్-బెల్ట్: గుండ్రటి ట్రాక్ మీద చిన్న బండ్ల రైలు తిరుగుతుంటుంది. ప్రతి బండి మీద అడ్డంగా ఒక బుల్లి బెల్టు. తన చూట్ రాగానే ఆ బుల్లి బెల్టు తిరిగి పార్శిల్‌ను దించేస్తుంది. పెద్ద వ్యవస్థలు గంటకు 20 వేలకు పైగా పార్శిళ్లను వేరుచేయగలవు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లకూ ఇది అనుకూలం.

టిల్ట్ ట్రే: పళ్లెం ఒకవైపుకు వంగి సరుకును జార్చేస్తుంది. విమానాశ్రయాల్లో లగేజీని వేరుచేయడానికీ ఈ పద్ధతి వాడతారు.

వీటికి తోడు, ఒక్కో పార్శిల్‌ను మోసుకెళ్లి రంధ్రంలో జారవిడిచే చిన్న చక్రాల రోబోలు కూడా వచ్చాయి. ఫ్లిప్‌కార్ట్ 2019లోనే బెంగళూరు శివార్లలోని సౌఖ్య కేంద్రంలో ఇలాంటి రోబోలతో సార్టింగ్ మొదలుపెట్టింది.

ఇప్పుడే ఎందుకింత జోరు?

మన దేశంలో దీనికి మొదటి మలుపు 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ. అంతకుముందు రాష్ట్రం దాటితే పడే పన్నును తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం తగ్గింది. చిన్నవాటి బదులు పెద్ద గోదాములు లాభసాటి అయ్యాయి. శంషాబాద్, మేడ్చల్ వైపు వెళ్తే రోడ్డు పక్కన కనిపించే భారీ షెడ్లకు ఇదీ ఒక కారణం. యంత్రం పెట్టుబడి రాబట్టుకోవాలంటే సరుకంతా ఒకేచోట పోగవ్వాలి. పెద్ద గోదాము ఆ వీలు కల్పించింది.

రెండో మలుపు పెట్టుబడులు. ఈ యంత్రాలు తయారుచేసే దేశీయ కంపెనీల వైపు పెద్ద సంస్థలు చూస్తున్నాయి. నోయిడాకు చెందిన యాడ్‌వర్బ్‌లో రిలయన్స్ రిటైల్ 2022 జనవరిలో 54 శాతం వాటా కొంది. సార్టర్లు చేసే ఫాల్కన్ ఆటోటెక్‌లో పార్శిల్ సంస్థ డెల్హివరీ వాటా తీసుకుంది. యంత్రాన్ని కొనడమే కాక, దాన్ని తయారుచేసే కంపెనీలోనే భాగస్వామి అయిందంటే ఆటోమేషన్ తాత్కాలిక ముచ్చట కాదని అర్థం. అదే డెల్హివరీ 2025లో పోటీ సంస్థ ఈకామ్ ఎక్స్‌ప్రెస్‌ను సుమారు రూ.1,400 కోట్లకు కొనుగోలు చేసింది. ఇలా రెండు సంస్థలు ఒకటైతే ఒకే ఊళ్లో రెండు కేంద్రాలు నడపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. సరుకు మళ్లీ పెద్ద కేంద్రాలకే చేరుతుంది.

విదేశాల్లో ఇది ఇంకా ముందుకెళ్లింది. 2012లో కివా సిస్టమ్స్ అనే రోబోల కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొన్న అమెజాన్, తన గోదాముల్లో రోబోల సంఖ్య 10 లక్షలకు చేరినట్లు 2025లో ప్రకటించింది. అమెరికా పార్శిల్ దిగ్గజం యూపీఎస్ 2025 ఏప్రిల్‌లో 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని, 73 భవనాలు మూసేస్తామని చెప్పింది. తన అతిపెద్ద ఖాతాదారు అమెజాన్ పార్శిళ్లను తగ్గించుకోవడం ఇందుకు ముఖ్య కారణం. దాంతోపాటే కేంద్రాల్లో ఆటోమేషన్‌నూ పెంచుతోంది. అక్కడ కూలి ఎక్కువ కాబట్టి యంత్రం త్వరగా గిట్టుబాటవుతుంది. మన దగ్గర కూలి తక్కువ కాబట్టి మార్పు నెమ్మదిగా వస్తుంది. నెమ్మదిగా వస్తుందంటే రాదని కాదు. సిద్ధపడటానికి మనకు కాస్త సమయం దొరికిందని.

యంత్రం ఎక్కడ తడబడుతుంది?

ఉద్యోగం దొరికేది ఇక్కడే కాబట్టి కాస్త లెక్క వేద్దాం. ఒక లైను గంటకు 6,000 పార్శిళ్లు వేరుచేస్తోందనుకోండి. అంటే నిమిషానికి 100. ప్రతి 0.6 సెకనుకు ఒకటి. ఈ వ్యవధిలోనే పుషర్ ముందుకొచ్చి, తోసి, వెనక్కి వెళ్లిపోవాలి. లేదంటే వెనకొచ్చే పార్శిల్ దాన్ని గుద్దుకుంటుంది.

గాలి ఒత్తిడి తగ్గి ఆ చేయి 0.1 సెకను ఆలస్యంగా వచ్చిందనుకోండి. సెకనుకు రెండు మీటర్ల వేగంలో పార్శిల్ అప్పటికే 20 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతుంది. చూట్‌లో పడాల్సింది అంచుకు తగిలి ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి. దీన్నే జామ్ అంటారు. పది నిమిషాలు లైను ఆగితే వెయ్యి పార్శిళ్లు వెనకబడతాయి. ఆ రాత్రి కరీంనగర్ లారీ ఆలస్యంగా బయల్దేరుతుంది.

రెండో తడబాటు చదవడంలో. లేబుల్ నలిగినా, మడతపడినా, టేపు కింద మెరిసినా స్కానర్ చదవలేదు. ఇలా నూటికి రెండు చొప్పున మిగిలినా గంటకు 120 పార్శిళ్లు. అంటే అర నిమిషానికి ఒకటి. వాటిని ఒక పక్క లైనులోకి పంపి, మనిషి చేత్తో చూసి సరిచేయాలి.

మూడోది ఆకారం. మన దగ్గర దుస్తుల ఆర్డర్లు చాలావరకు పలచటి ప్లాస్టిక్ కవర్లలో వస్తాయి. వాటికి చదునైన అడుగు ఉండదు. రెండు కవర్లు ఒకదాని మీద ఒకటి వస్తే సెన్సర్ ఒకటేననుకుంటుంది. రెండూ ఒకే ఊరికి పోతాయి. నిజామాబాద్ చీర కరీంనగర్‌లో తేలుతుంది!

ఈ మూడు తడబాట్లను గుర్తించి, కారణం కనిపెట్టి, మళ్లీ రాకుండా చూసేవాళ్లే ఈ కేంద్రాలకు కావాలి.

పోయేవి ఏవి? వచ్చేవి ఏవి?

పిన్‌కోడ్ చూసి సంచిలో వేసే పని ముందుగా తగ్గుతుంది. లారీ నుంచి దించడం, బెల్టు మీద ఒక్కొక్కటిగా లేబుల్ పైకి ఉండేలా పెట్టడం, నిండిన సంచిని మార్చడం వంటివి ఇంకొంతకాలం మనిషి చేతిలోనే ఉంటాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం ఏజెన్సీల ద్వారా ఇచ్చే కాంట్రాక్టు పనులే. పండగ సీజన్‌లో పిలుస్తారు, సీజన్ అయిపోగానే తగ్గిస్తారు. ఖర్చులకోసం రెండు మూడు నెలలు చేయడంలో తప్పులేదు. అదే కెరియర్ అనుకుని మూడేళ్లు ఉండిపోతేనే ఇబ్బంది.

కొత్తగా వచ్చే పనులు స్థూలంగా నాలుగు. యంత్రాలు బిగించి నడిపించే ఇన్‌స్టలేషన్, కమిషనింగ్ పని. రోజూ చూసుకునే మెయింటెనెన్స్. కంట్రోల్ ప్రోగ్రామింగ్. చివరిది షిఫ్టు ఆపరేషన్స్, అంటే ఏ చూట్ నిండుతోంది, తప్పులు ఎక్కడ పెరుగుతున్నాయి అని తెర మీద లెక్కలు చూసి నిర్ణయాలు తీసుకోవడం.

ఇక్కడ అతిశయోక్తి వద్దు. వంద మంది చేతులు చేసిన పనికి వంద మంది టెక్నీషియన్లు అక్కర్లేదు. యంత్రం కొనేదే అందుకు. కాకపోతే ఇదే నైపుణ్యం సీసాలు నింపే ప్లాంటులో, మందుల పంపిణీ గోదాములో, విమానాశ్రయ లగేజీ విభాగంలో, ఆహార పరిశ్రమలో కూడా చెల్లుతుంది. సెన్సర్, మోటారు, గాలి సిలిండర్, వాటిని నడిపే పీఎల్‌సీ.. ఈ నాలుగూ ఎక్కడైనా అవే. ఒక్క ఈ-కామర్స్ మీదే ఆశ పెట్టుకోకుండా ఆ నాలుగింటి మీద పట్టు పెంచుకోవడం తెలివైన పని.

మీరెక్కడ నిలబడి ఉన్నారు?

ఐటీఐ విద్యార్థులు: ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మెకట్రానిక్స్ ట్రేడ్‌లవారికి మెయింటెనెన్స్ వైపు దగ్గరి దారి ఉంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే ప్రాజెక్టుకు 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. వీటిలో ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ప్రాసెస్ కంట్రోల్-ఆటోమేషన్ వంటి కోర్సులున్నాయి. దగ్గర్లో సెంటర్ ఉంటే ఒకసారి వెళ్లి ల్యాబ్ చూడండి. యంత్రం విద్యార్థుల చేతికి ఇస్తున్నారా, అద్దాల వెనక ఉంచారా అన్నది కళ్లారా చూసి నిర్ణయించుకోండి.

డిప్లొమా, బీటెక్: మెకానికల్, ఈఈఈ, ఈసీఈ వారు పీఎల్‌సీ ల్యాడర్ లాజిక్ నేర్చుకోవాలి. దీనికి వేలకు వేలు ఫీజులు కట్టి తొందరపడక్కర్లేదు. కోడ్‌సిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో కంప్యూటర్ మీదే మొదలుపెట్టొచ్చు. మొదటి అభ్యాసంగా ఇది చేయండి: స్కానర్ ఇచ్చిన చూట్ నంబరును గుర్తుపెట్టుకుని, బెల్టు అంత దూరం కదిలాక పుషర్‌ను నడిపే ప్రోగ్రాం. ఇక్కడో చిక్కు ఉంది. ఆరు సెకన్లు అని గడియారంతో లెక్కిస్తే, బెల్టు కాస్త నెమ్మదించినా గురి తప్పుతుంది. అందుకే ఎన్‌కోడర్ అనే పరికరంతో బెల్టు ఎంత దూరం కదిలిందో లెక్కిస్తారు. ఈ ఒక్క తేడా అర్థమైతే సగం సార్టర్ అర్థమైనట్లే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు కొనుక్కొచ్చిన కిట్ కన్నా, మీరే చేసిన మూడడుగుల బెల్టు ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది.

సీఎస్ఈ విద్యార్థులు: గోదాము సాఫ్ట్‌వేర్ ఏ పార్శిల్ ఎటు అని చెబితే, దాన్ని క్షణాల్లో యంత్రానికి అందించే మరో సాఫ్ట్‌వేర్ పొర ఉంటుంది. డేటాబేస్, నెట్‌వర్కింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్ తెలిసినవారికి అక్కడ చోటుంది. చిరునామాల తీరు కూడా మారుతోంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌ను ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ సహకారంతో రూపొందించారు. దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విభజించి ఒక్కో గడికి పదక్షరాల కోడ్ ఇచ్చారు. ఈ పని మన హైదరాబాద్ సంస్థల చేతుల మీదుగా జరిగిందని మరచిపోవద్దు.

బీకాం, బీఏ, బీఎస్సీ: మాకేం లేదా అనుకోవద్దు. షిఫ్టు ఆపరేషన్స్‌లో ఎక్సెల్ గట్టిగా వచ్చి, తప్పులు ఏ గంటలో, ఏ చూట్‌లో పెరుగుతున్నాయో చెప్పగలిగేవారికి విలువ ఉంది. కొన్ని కాలేజీల్లో చదువుతోపాటు అప్రెంటిస్‌షిప్ ఉండే లాజిస్టిక్స్ డిగ్రీలూ ఉన్నాయి. చేరేముందు అప్రెంటిస్‌షిప్ ఏ కంపెనీలో, ఎన్ని నెలలు, స్టైపెండ్ ఎంత అని కాగితం మీద అడగండి.

చేరేముందు అడగాల్సినవి

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని ఇవి చెబుతున్నాయి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే కంపెనీయే నిర్ణీత కాలానికి నేరుగా తీసుకోవడం. ఏజెన్సీ ద్వారా వెళ్తే మీ యజమాని ఏజెన్సీ. కాబట్టి పత్రం మీద ఎవరి పేరుందో చూడండి. పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు అడగండి. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

భద్రత గురించి అడగడానికి మొహమాటపడొద్దు. జామ్ తీయాలని నడుస్తున్న బెల్టులో చేయి పెట్టి గాయపడే ప్రమాదం ఈ పనిలో ఎప్పుడూ ఉంటుంది. కరెంటు ఆపేసినా సరిపోదు. పైపులో మిగిలిన గాలి ఒత్తిడితో పుషర్ కదలొచ్చు. కరెంటు ఆపి, గాలి వదిలేసి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే చేయి పెట్టాలి. ఈ శిక్షణ ఇవ్వకుండానే లైను మీదకు పంపే చోట జీతం ఎంతైనా ఆలోచించాల్సిందే.

ఇంటర్వ్యూలో ఇలా అడిగితే?

"ఉదయం బాగా పనిచేసిన లైనులో సాయంత్రం రద్దీ వేళ ఒక చూట్ దగ్గర మాత్రమే పార్శిళ్లు అంచుకు తగులుతున్నాయి. మొదట ఏం చూస్తారు?"

మార్చేయండి, కొత్తది బిగించండి అనే సమాధానం ఎవరైనా చెబుతారు. మీరు ఇలా ఆలోచించండి. అన్ని చూట్ల దగ్గరా తప్పితే లోపం ఎన్‌కోడర్‌లోనో, బెల్టు జారడంలోనో ఉండాలి. ఒక్క చూట్ దగ్గరే కాబట్టి ఆ పుషర్, దాని వాల్వు, దాని గాలి పైపు దగ్గర వెతకాలి. ఉదయం బాగుండి రద్దీలోనే తప్పుతోందంటే, పుషర్లన్నీ ఎడాపెడా పనిచేసే వేళ దానికి గాలి చాలట్లేదేమో. కాబట్టి ముందుగా రద్దీ సమయంలో ఆ చూట్ దగ్గర ప్రెజర్ గేజ్ చూస్తాను. తర్వాత లీకులు, ఆ తర్వాత వాల్వు.

ఇలా వరుసగా వడపోసుకుంటూ కారణం దాకా వెళ్లడం ఒక రకంగా సార్టింగే. పార్శిళ్లను యంత్రం వేరుచేస్తుంది. కారణాలను వేరుచేయడం మాత్రం మీరే నేర్చుకోవాలి. ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో ఏదైనా యంత్రం ఆగిపోతే ఇన్‌స్ట్రక్టర్‌ను పిలిచే ముందు ఓ ఐదు నిమిషాలు ఆగి, ఎందుకు ఆగిందో రాసుకోండి. సన్నద్ధత అక్కడే మొదలవుతుంది.